తలా ఐదు డాలర్లు, తలా ఒక్క పిలుపు

ఈమధ్య స్కార్‌బరోలో కూరగాయల కొట్టుకి వెళ్తే జనం నన్ను చూసి కొంచెం ఆగుతున్నారు. మొన్న ఒకావిడ చేతిలో బెండకాయలు పట్టుకుని నా ముఖంలోకి అలాగే చూస్తూ నిలబడిపోయింది.

"మీరు... ఆ ఫేస్‌బుక్‌లో..."

"అవునండీ, నేనే. ఉన్నాను," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "మీకోసం నేను కూడా వాయిస్ మెసేజ్ పెట్టానండీ. విన్నారా?" అని అడిగింది. విన్నానని చెప్పాను. అది అబద్ధం కాదు. ఎలా విన్నానో, విని ఏం చేశానో మాత్రం బెండకాయల దగ్గర నిలబడి చెప్పే సంగతి కాదు. అందుకని రాస్తున్నాను. రాస్తే నాకు కాస్త కుదుటపడుతుందని ఒక ఆశ. ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఎవరైనా చదివితే వాళ్ళకి పనికొస్తుందని ఇంకో ఆశ. రమణి మాత్రం వద్దంది. ఆవిడ నా భార్య, ఈ కథంతా ఆవిడే మోసింది, కాబట్టి వద్దనే హక్కు ఆవిడకుంది.

నా పేరు భాస్కరం. మాది తుని పక్కన పల్లె. ఇక్కడ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. అంటే పక్కవాళ్ళ పనిలో తప్పులు వెతికి జీతం తీసుకుంటాను. ఇంట్లో అదే పని జీతం లేకుండా చేస్తానని రమణి అంటుంది. కొన్నేళ్ళ కిందట నేనూ, వాటర్లూలో ఉండే నా బావమరిది శీనూ కలిసి వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో "తలా ఐదు" అని ఒక గుంపు మొదలుపెట్టాం. మనవాళ్ళకి ఎవరికైనా జబ్బు చేసి కష్టమొస్తే తలా ఐదు డాలర్లు. అంతకు మించి ఇస్తానన్నా తీసుకోం.

ఐదు డాలర్లు ఇవ్వడానికి ఎవరూ ఆలోచించరు. అదే సుఖం, అదే చిక్కు కూడా. బటన్ నొక్కి, దండం బొమ్మ పెట్టి, తరవాతి వీడియోకి వెళ్ళిపోతారు. ఎవరికి ఇచ్చారో సాయంత్రానికి గుర్తుండదు. అది నాకు నచ్చక ఒక నియమం పెట్టాను. డబ్బు పంపిన ప్రతివాళ్ళూ ఆ మనిషికి ఒక వాయిస్ మెసేజ్ పంపాలి. పేరు పెట్టి పిలవాలి, ఒక మంచి మాట చెప్పాలి. మనవాళ్ళకి మైకు దొరికితే వదలరు కదా, అందుకని "పేరు ఒక్కసారే, మాట ఒక్కటే" అని గట్టిగా రాశాను. ఏం చెప్పాలో తోచనివాళ్ళకి నమూనా కూడా ఇచ్చాను: "ఫలానా గారూ, మీరు తొందరగా కోలుకోవాలి, మేమంతా ఇక్కడే ఉన్నాం." దాదాపు అందరూ అదే చదివేవారు. ఇంట్లోవాళ్ళు ఆ మెసేజ్‌లని మంచం పక్కన ఫోన్ పెట్టి వినిపించేవారు. మంచి పని చేస్తున్నామని నాకు చాలా తృప్తిగా ఉండేది.

సెప్టెంబర్ చివర

మొదట దగ్గు. ఆకులు రంగు మారేటప్పుడు ఏటా వచ్చేదే అనుకున్నాను. నాది కాంట్రాక్టు ఉద్యోగం, వెళ్ళిన రోజుకే డబ్బులు. దగ్గుతూనే సబ్‌వేలో వెళ్ళొచ్చాను. పక్క సీట్లోవాళ్ళు మర్యాదగా లేచి వెళ్ళిపోయేవారు. వారం తిరిగేసరికి ఊరికే కూర్చున్నా మెట్లెక్కినంత ఆయాసం.

ఎమర్జెన్సీలో మమ్మల్ని కూర్చోమన్నారు. అక్కడ కూర్చోవడమే ఒక జబ్బు. పిలుస్తారేమోనని బాత్రూమ్‌కి కూడా వెళ్ళలేం. ఎదురుగా మనవణ్ణి తీసుకొచ్చిన ఒక తమిళ పెద్దావిడ నా దగ్గు విని, సంచీలోంచి ఫ్లాస్కు తీసి మిరియాల కషాయం పోసిచ్చింది. ఆవిడకి తెలుగు రాదు, నాకు తమిళం రాదు. గ్లాసు తిరిగి ఇవ్వబోతే ఉంచుకోమన్నట్టు చెయ్యి ఊపింది. ఆ స్టీలు గ్లాసు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

నేను అప్పుడు కూడా ఫోన్‌లో గుంపు సందేశాలకి జవాబులిస్తున్నాను. రమణి చూసింది.

"ఊపిరాడట్లేదంటారు, వేళ్ళు మాత్రం ఆడుతున్నాయి. ఆ ఫోన్ ఇలా ఇచ్చెయ్యండి."

ఇచ్చేశాను. తరవాత చాలా రోజులు ఆ ఫోన్ ఆవిడ దగ్గరే ఉండిపోయింది. లోపలికి తీసుకెళ్ళాక ఊపిరితిత్తులు అలిసిపోయాయని, నిద్రపుచ్చి గొట్టం వేస్తామని చెప్పారు. రమణి నా పాదం పట్టుకుని, "ఏవండీ, భయపడకండి," అంది. నాకు చాలా భయం వేసింది. మా అమ్మాయి మేఘన స్కూల్లో ఉంది. దానికి చెప్పకుండా వెళ్ళిపోతున్నానేమో అనుకుంటుండగానే నిద్ర వచ్చేసింది.

అక్టోబర్

ఈ భాగం ఇతరులు చెప్పగా విన్నది. నేను పడుకున్న మర్నాడే శీను గుంపులో పోస్టు పెట్టాడు. రమణిని అడగలేదు. ఆవిడకి ఆ సంగతి పనిచేసేచోట ఎవరో చూపిస్తే తెలిసింది. ఇద్దరూ ఆసుపత్రి కారిడార్‌లోనే గొడవపడ్డారు.

"అక్కా, బావ ఇంతమందికి చేశాడు. ఆయనకి మనం చెయ్యకపోతే ఎలాగే? ఆయన జీతం ఆగిపోయింది, అద్దె ఆగదు కదా?"

"అద్దె సంగతి తరవాత. ఆ ఫొటో ఏంట్రా? ఆయన బతికే ఉన్నాడు. ఆ ఫొటో చూస్తే అలా లేదు."

ఆవిడ అన్నది నిజం. నేనూ ఆవిడా ఒక పెళ్ళిలో తీయించుకున్న ఫొటోలోంచి శీను ఆవిణ్ణి కత్తిరించేశాడు. తొందరలో నా భుజం మీద ఆవిడ చెయ్యి మాత్రం మిగిలిపోయింది. మనిషి లేదు, చెయ్యి ఉంది. ఆ బొమ్మే మా పక్కనున్న రిచ్‌మండ్ హిల్ నుంచి ఎక్కడో ఉన్న కాల్గరీ దాకా తిరిగింది. కింద జనం డబ్బుతో పాటు రకరకాల మాటలు రాశారు. కొంతమంది సగం చదివి, ఆత్మకు శాంతి కలగాలని కూడా రాశారు. శీను వాటిని తీసేస్తూ కూర్చున్నాడు. ఒకటి తీస్తే ఇంకోటి వచ్చేదట.

వాయిస్ మెసేజ్‌లు వందల్లో వచ్చాయి. నా నమూనా ప్రకారం అన్నీ ఒకేలా ఉన్నాయి. ఆ గుంపు పెట్టినందుకు రమణికి నా మీద ఎంత కోపమున్నా, నేను ఇతరులకి చెప్పినట్టే చేసింది. మంచం పక్క బల్ల మీద నా ఫోన్ పెట్టి, మంచం చుట్టూ కట్టిన తెర అవతల కుర్చీలో కూర్చుని, వాటిని వరసగా వినిపించింది.

నవంబర్

నిద్రమందు ఆపేశారు. నేను లేవలేదు. స్కాన్ తీస్తే ఏమీ లేదు. ఎందుకు లేవడం లేదో డాక్టర్లకి అంతుపట్టలేదు.

నా వైపు నుంచి ఇలా ఉంది. నేనొక వసారాలో పడుకున్నాను. అసురసంధ్య వేళ. వెలుగు తగ్గదు, పెరగదు, అలాగే ఉంటుంది. చుట్టూ తెల్లటి తెర. ఆ తెర అవతల నుంచి ఎవరో పిలిచారు.

"భాస్కరం గారూ, మీరు తొందరగా కోలుకోవాలి, మేమంతా ఇక్కడే ఉన్నాం."

తరవాత ఇంకో గొంతు. ఈసారి ఆడమనిషి. అదే మాట. తరవాత ఒక ముసలాయన, తరవాత చిన్నపిల్ల. ఒక్క అక్షరం తేడా లేకుండా అదే మాట. ఒకసారి పిలిచిన గొంతు మళ్ళీ పిలవడం లేదు. తెర కింద నుంచి చూశాను. ఇంతమంది పిలుస్తున్నారు, ఒక్క పాదం కూడా కనిపించలేదు.

చిన్నప్పుడు మా నాయనమ్మ నన్ను పక్కలో వేసుకుని ఒక సంగతి నూరిపోసింది. "చీకటి పడే వేళ ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలక్కురా. మనుషులైతే మళ్ళీ పిలుస్తారు, మూడోసారీ పిలుస్తారు. కానివాళ్ళు ఒక్కసారే పిలుస్తారు. పలికావో, నిన్ను తీసుకుపోతారు." కంప్యూటర్లతో పనిచేసేవాణ్ణి, ఇన్నేళ్ళూ ఆ మాట తలుచుకున్న పాపాన పోలేదు. కానీ బుర్రలో పైపైవన్నీ కొట్టుకుపోయాక అడుగున అదొక్కటే మిగిలింది. పలకలేదు. పిలుపు వినిపించినప్పుడల్లా కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాను. మేమంతా ఇక్కడే ఉన్నాం అంటుంటే వెన్ను జలదరించేది. ఎంతమందో, ఎవరో, ఎక్కడున్నారో! అది నేను రాసిచ్చిన వాక్యమేనని నాకు తట్టనే లేదు.

మరి నర్సులు పిలవలేదా అంటే, పిలిచారు. రోజుకి ఎన్నోసార్లు. కానీ చేతికి కట్టిన పట్టీ మీద ఇంటిపేరు ముందుంది. "మిస్టర్ ములు! మిస్టర్ ములు!" అనేవారు. ములుకుట్ల అనడం వాళ్ళ వల్ల కాదు. ఇంటిపేరుతో పిలిస్తే మా వంశంలో ఎవరినో పిలుస్తున్నట్టు. మా నాన్న కోసం వచ్చారనుకుని ఊరుకున్నాను.

రమణీ పిలిచింది. "ఏవండీ, ఏవండీ" అని గొంతు పోయేదాకా. ఆ పిలుపు నా పేరుకన్నా ఎక్కువసార్లు విన్నవాణ్ణి. అయినా ఆ స్థితిలో నా బుర్ర ప్లీడరులా వాదించింది. ఏవండీ అంటే నేనేనని ఏముంది? దారిన పోయేవాళ్ళనీ అలాగే అంటారు. పైగా కానివాళ్ళు మనవాళ్ళ గొంతుతోనే వస్తారని నాయనమ్మ ఇంకోసారి చెప్పింది కూడా. మేఘన ఒక్కసారి వచ్చిందట. తలుపు దగ్గర నిలబడి నా ముఖంలో గొట్టాలు చూసి, పిలవకుండానే వెనక్కి వెళ్ళిపోయింది.

అలా నేను బుద్ధిమంతుడిలా పలక్కుండా పడుకున్నాను. అవతల డాక్టరు రమణినీ శీనునీ ఒక చిన్న గదిలో కూర్చోబెట్టాడు. ఆ గదిలో టిష్యూ పెట్టె తప్ప ఇంకేమీ ఉండదట. "మీ ఆయనకి ఇలా మెషీన్ మీద ఉండడం ఇష్టమేనా? ఎప్పుడైనా మీతో చెప్పారా?" అని మెల్లగా అడిగాడు. రెండు రోజులు ఆలోచించుకుని చెప్పమన్నాడు.

"ఏం ఆలోచించాలండీ?" అని రమణి నాతో తరవాత అంది. "ఏ కూర మీకు ఇష్టమో, ఏది కాదో నాకు తెలుసు. ఇది నాకెలా తెలుస్తుంది?"

ఆ సాయంత్రం డ్యూటీలో గ్లోరియా అనే నర్సు ఉంది. ఫిలిప్పీన్స్ మనిషి, రమణి వయసే. కిటికీ తెర పక్కకి లాగి, కొంచెంసేపు నన్నే చూస్తూ నిలబడిందట. ఫోన్‌లో పిలుపులు వస్తూనే ఉన్నాయి.

"ఆయన నిద్రపోవడం లేదు," అంది గ్లోరియా. "చూడు, ప్రతి గొంతుకీ కళ్ళు బిగిస్తున్నాడు. వింటున్నాడు. ఆ ఫోన్ ఆపెయ్యి. నువ్వు పిలువు."

"రోజూ పిలుస్తూనే ఉన్నాను."

"పేరుతో పిలిచావా?"

రమణి తెల్లబోయింది. పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ నా పేరు ఒక్కసారి కూడా పలకలేదు. బ్యాంకులో అడిగినా కాగితం మీద రాసి చూపించేది. మేఘన ఎన్నిసార్లు ఏడిపించినా అనలేదు. అది చాదస్తమని నేనే వెక్కిరించేవాణ్ణి. ఇప్పుడా సంగతి గ్లోరియాకి ఎలా చెప్పాలో ఆవిడకి తెలియలేదు. చెప్పిందట, ఏడుస్తూనే. గ్లోరియా నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. "సరే. ఇవాళ ఒక్కరోజు అను," అంది.

ఇక్కణ్ణించి నాకు తెలుసు. గొంతులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. వసారా అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం పిలుపులకన్నా భయంగా ఉంది. అందరూ కలిసి దగ్గరికి వస్తున్నారేమో అనిపించింది. అప్పుడు తెర కదిలింది. తెర కింద పాదాలు. రమణి చలికాలపు బూట్లు, ఎడమదాని జిప్పు పోయినవి.

"భాస్కరం," అంది. ఎవరైనా వింటారేమోనన్నంత మెల్లగా.

కళ్ళు బిగించాను.

"భాస్కరం." ఈసారి దగ్గరగా.

మళ్ళీ పిలిచింది! ఇన్ని గొంతుల్లో నా పేరు రెండోసారి పిలిచిన గొంతు ఇదొక్కటే. ప్రాణమంతా చెవుల్లోకి వచ్చింది. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని లోపల్లోపల బతిమాలుకుంటున్నాను. ఆవిడ ఆగింది. ఎంతసేపు ఆగిందో తెలియదు. ఇక పిలవదేమో అనుకున్నాను. అప్పుడు కోపమొచ్చింది ఆవిడకి. ఇన్నాళ్ళ కోపం.

"భాస్కరం! ఏంటి నీ ఉద్దేశం? ఇంటికి రావా?"

కళ్ళు తెరిచాను.

మార్చి

ఇంటికొచ్చాక నడవడం, మింగడం, మాట్లాడడం ఒక్కొక్కటే నేర్చుకున్నాను. ఆ వివరాలు వదిలేస్తాను, అందరికీ ఒకేలా ఉంటాయి. శీనూ రమణీ మాట్లాడుకుంటున్నారు, కానీ లెక్కపెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. అద్దె కట్టింది ఆ ఐదు డాలర్లే. ఎవరికి ఎలా కృతజ్ఞత చెప్పాలో నాకు తెలియడం లేదు. ఆ మెసేజ్‌లు ఫోన్‌లో ఉన్నాయి. వినాలని రోజూ అనుకుంటాను. ఒకటి మొదలుపెడితే నా పేరు వచ్చేసరికి చెయ్యి దానంతటదే ఆపేస్తుంది. ఎంత మంచి మనుషులో వాళ్ళు. వాళ్ళకే భయపడుతున్నాను.

నేను జరిగిందంతా చెబితే మేఘన చివరిదాకా వింది. తరవాత, "సో యూ వర్ నాట్ స్లీపింగ్, నాన్నా. యూ వర్ హైడింగ్," అంది. అంతకన్నా సరిగ్గా ఏ డాక్టరూ చెప్పలేదు.

గుంపులో నియమం మార్చాను. పేరు మూడుసార్లు పిలవండి, మధ్యలో కాస్త ఆగండి, మీ సొంత మాట చెప్పండి, నమూనా చదవకండి అని రాశాను. ఎందుకని ఎవరూ అడగలేదు. ఐసీయూ బయట కూర్చున్నవాళ్ళకి నేను చెప్పదలుచుకున్నదీ ఇంతే. ఇంట్లో మీ మనిషి ఏ పిలుపుకి పలుకుతారో ఆ పిలుపు నర్సుకి చెప్పండి. సిగ్గుపడకండి.

ఇక్కడితో ముగించి ఉండేవాణ్ణి. కానీ పోయిన వారం సుభద్ర ఆంటీ వచ్చారు. మూడేళ్ళ కిందట ఆవిడా భర్తా విజిటర్ వీసా మీద కొడుకు దగ్గరికి వచ్చారు. ఆయనకి పక్షవాతం వచ్చి పడిపోతే ఇన్సూరెన్సు వర్తించదన్నారు. "తలా ఐదు" మొట్టమొదట డబ్బు పోగుచేసింది ఆయన కోసమే. ఆయన దక్కలేదు. ఆంటీ ఇక్కడే మార్ఖమ్ రోడ్డు మీద కొడుకు అపార్ట్‌మెంట్‌లో ఉండిపోయారు. నాకోసం కరివేపాకు పొడి తెచ్చారు. సోఫాలో కూర్చుని నా చేతులూ ముఖమూ పరీక్షగా చూశారు.

"ఒక్క మాట అడుగుతాను, చెబుతారా బాబూ? మీరు అక్కడి దాకా వెళ్ళొచ్చారు కదా. అక్కడికి మన మాటలు వినబడతాయా?"

"వినబడతాయి ఆంటీ. అన్నీ వినబడతాయి."

ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. "చాలు బాబూ. మీరంతా పిలిచినవి రోజూ పెట్టేదాన్ని. అన్నిటికన్నా ముందు మీ గొంతే వచ్చేది. ఆయన విన్నారో లేదోనని ఇన్నాళ్ళూ కొట్టుకున్నాను."

అప్పుడే వంటింట్లోంచి రమణి పిలిచింది. "భాస్కరం." కొంచెం ఆగి, "భాస్కరం." మళ్ళీ ఆగి, "భాస్కరం, కాఫీ." మా ఇంట్లో ఇప్పుడు అంతే. పొద్దు వాలాక ఒక్క పిలుపుకి పలకడం నా వల్ల కావడం లేదు. మూడోసారికి "ఊఁ" అన్నాను.

"అదేంటమ్మా, మొగుణ్ణి అలా పేరు పెట్టి పిలుస్తున్నావు?" అని ఆంటీ నవ్వారు. "మీరేంటి, మూడోసారికి గానీ పలకరా?"

నేనూ నవ్వుతూ మా నాయనమ్మ సంగతి చెప్పాను. మిగతాదేమీ చెప్పలేదు. చెప్పడం మొదలుపెట్టాకే నాకు తట్టింది, చెప్పకుండా ఉండాల్సిందని. ఆంటీ నవ్వు మెల్లగా పోయింది.

"మా ఊళ్ళోనూ అంతే," అన్నారు. "ఆయనా అంతే. దీపాలు పెట్టే వేళ దాటితే ఎవరు పిలిచినా మూడోసారికి గానీ పలికేవారు కాదు."

రమణి కాఫీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది.

"ఆసుపత్రిలో మీ గొంతులు పెట్టినప్పుడల్లా ఆయన కళ్ళు గట్టిగా మూసుకునేవారు బాబూ. నిద్ర చెడుతోందని విసుగేమో అనుకున్నాను." ఆవిడ నా వైపు తిరిగారు. "మీరంతా ఆయన్ని ఎన్నిసార్లు పిలిచారు?"

అబద్ధం చెప్పి ఉండాల్సింది. "తలా ఒక్కసారి," అన్నాను.

ఆవిడ తల ఊపారు. బయట మంచు మీద వెలుగు తగ్గిపోతోంది. ఎవరమూ లేచి లైటు వెయ్యలేదు. ఆంటీ కాసేపు ఒళ్ళో చేతుల వైపు చూసుకుని, తల ఎత్తి, మా వీధి తలుపు వైపు చూస్తూ మెల్లగా అన్నారు.

"వెంకటరత్నం."

ఆవిడ నోట ఆ పేరు మొదటిసారి వచ్చిందని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ నాలుక తడబాటే చెప్పింది. కొంచెం ఆగారు.

"వెంకటరత్నం."

ఈసారి గొంతు గట్టిపడింది. ఆవిడ మూడోసారికి ఊపిరి తీసుకునేలోపు రమణి పళ్ళెం కింద పెట్టి గబగబా వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "వద్దు ఆంటీ," అంది.

ఆవిడ పిలవలేదు. మేం ముగ్గురం ఆ తలుపు వైపే చూస్తూ చాలాసేపు అలాగే కూర్చున్నాం.